తిరపతయ్య భుజం

మా ఊరి పక్క పోలీసుల ఫైరింగ్ రేంజిలో తుపాకులు బాగుచేసే ఖాసింపీరా ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పడు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తాడు. మా సర్పంచి ఒకసారి వాన ఎప్పుడు పడుతుందని అడిగి, సాయంత్రం దాకా తుపాకులు తుడిచే గుడ్డలు చింపుతూ కూర్చున్నాడు. పదవిలో ఉండగా ఆయన చేసిన పని అదొక్కటేనని ఊళ్లో అంటారు.

ఉస్తాద్ శిష్యుడు అంకబాబు. పనిమంతుడే. కాకపోతే లోకంలో ప్రతిదానికీ ఎక్కడో ఒక స్క్రూ ఉంటుందని, అది తిప్పితే అన్నీ దారికొస్తాయని అతని నమ్మకం. పెళ్లాం రెండుసార్లు అలిగి పుట్టింటికి వెళ్లొచ్చినా ఆ నమ్మకం సడలలేదు.

ఒకరోజు అతను దిగాలుగా వచ్చి, "ఉస్తాద్, తిరపతయ్య కార్బైన్ తుపాకీని ఇంకెంత మెత్తగా చెయ్యాలి?" అని అడిగాడు.

కానిస్టేబుల్ తిరపతయ్య సంగతి మా అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట పట్నంలో మార్కెట్ దగ్గర గొడవైతే గాల్లోకి కాల్చమన్నారు. కాల్చాడు. ఆ గాల్లో ఒక డాబా ఉంది, డాబా మీద వడియాలు పెడుతున్న ఒక ఇల్లాలు ఉంది. విచారణ జరిపి, ఎవరి తప్పూ లేదని తేల్చారు. అప్పటినుంచి తిరపతయ్య గుండు ఒక్కటీ గురికి తగలడం లేదు. తుపాకీ భుజాన్ని తన్నుతోందంటాడు. ఈసారి గురి పరీక్ష తప్పితే ఉద్యోగం పోతుంది. వేరే పనేదీ రాదు. మా ఊళ్లో చాలామందికీ రాదు గానీ, వాళ్లకు పరీక్షల్లేవు.

అంకబాబు చెయ్యగలిగిందంతా చేశాడు. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత వెనక్కి వచ్చి లోపలి బోల్టును నెడుతుంది. ఆ గ్యాస్‌ను తగ్గించాడు. వెనక స్ప్రింగు మార్చాడు, దాని ముందు బరువు పెంచాడు. ఇప్పుడు పేలిస్తే ఎవరో భుజం తట్టి పలకరించినట్టు ఉంటుంది, అంతే. తిరపతయ్య మాత్రం తన్నుతోందనే అంటున్నాడు.

"రమ్మను," అన్నాడు ఉస్తాద్.

టీ పట్టుకెళ్లిన వంకతో నేనూ అక్కడే నిలబడ్డాను. ఉస్తాద్ అటు తిరిగి కార్బైన్‌లో మందులేని ఉత్తుత్తి తూటా పెట్టాడు. అది అంకబాబుకు కనబడింది, తిరపతయ్యకు కనబడలేదు. పక్క వరసలో కొత్త కుర్రాళ్లు కాలుస్తున్నారు. ఆ మోతలో తిరపతయ్య ట్రిగ్గర్ నొక్కాడు. తుపాకీ 'టిక్' మంది. అతని కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం వెనక్కి ఎగిరిపడింది. కాసేపటికి తుపాకీ బల్ల మీద పెట్టి భుజం రుద్దుకున్నాడు.

"చూశావా అంకబాబూ? తన్నదన్నావే! నీ పనితనం తగలెయ్య!"

అంకబాబు నోరు తెరిచాడు. ఉస్తాద్ అతని కాలు తొక్కాడు.

"నిజమే తిరపతయ్యా. దరిద్రపు తుపాకీ. ఇట్టాంటిది నీ చేతికిచ్చినవాణ్ణి అనాలి."

తిరపతయ్య ముఖంలోకి కొంచెం రంగొచ్చింది. తప్పు ఫలానా దానిదని ఈ మూడేళ్లలో అతనితో అన్నవాళ్లు లేరు.

అతను వెళ్లాక ఉస్తాద్, "అన్నీ మళ్లీ మునుపటిలాగే బిగించెయ్," అన్నాడు.

"అదేంటి ఉస్తాద్, పరీక్ష తప్పుతాడు కదా!"

"మెత్తగా ఉంచితే తప్పడా?"

అంకబాబు బిగించాడు. తిరపతయ్య పరీక్ష తప్పాడు, ఉద్యోగం పోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే రేంజి గేటు ముందు నిలబడి, తన బతుకు నాశనం చేశాడని అంకబాబును పేరుపెట్టి తిడతాడు. మొదట్లో ఊరంతా చూడ్డానికి పోయేది. తిట్లలో కొత్తవి లేవని మానేశారు. అంకబాబు పెళ్లాం మాత్రం కొన్ని నేర్చుకుందని వినికిడి.

చివరికి అంకబాబు తట్టుకోలేకపోయాడు. "ఎన్నాళ్లు పడాలి ఉస్తాద్? సెంట్రీకి చెప్పి తరిమించమంటారా?"

ఉస్తాద్ తుపాకీ గొట్టంలోకి గుడ్డ దూరుస్తూ తలెత్తలేదు.

"పడు. ఏ పొద్దునైనా తిట్టడానికి రాకపోతే, చేతిలో పని అక్కడే పడేసి వాళ్లింటికి పరిగెత్తు," అన్నాడు.