కూతకు రాని పుంజు

మఠం గురువు సిద్ధప్పయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషికి బావిలో పూడిక తీసే పని అప్పజెప్పారనీ, ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదనీ మఠంలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకుంటారు. ఆయన శిష్యుడు బసవలింగానికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ అడిగాడు.

"అయ్యా, పొగిడితే పొంగడం, తిడితే కుంగడం, రెండూ నాలో పోయాయి. ఇక ఏ పిలుపూ నన్ను కదిలించదు. కొండ మీది మన చిన్న మఠంలో పీఠం ఖాళీగా ఉంది. నేను దానికి పనికొస్తానా, రానా?"

పనికొస్తానా అని అడిగాడే గాని, వస్తావు అనే ఒక్క మాట కోసం పన్నెండేళ్లుగా కాచుకొని ఉన్నాడు పాపం. సిద్ధప్పయ్యగారు తాంబూలం నములుతూ అతని వంక చూశారు.

"రేపు పొద్దున్నే ఓబులేసు ఎంబడి పో నాయనా. వాని పంజరం నువ్వు మొయ్యి," అన్నారు.

ఓబులేసు కౌజు పిట్టలు పట్టేవాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ సాకిన కౌజు పుంజు ఒకటి అతని పంజరంలో ఉండేది. దాన్ని దీమం అంటారు. పొదల మధ్య పంజరం దించితే దీమం గొంతెత్తి కూస్తుంది. తన జాగాలోకి ఎవడొచ్చాడా అని అడవి పుంజు రోషంగా పరుగెత్తుకొస్తుంది. వచ్చి, పంజరం చుట్టూ పాతిన గుర్రపు వెంట్రుకల ఉచ్చుల్లో కాలు పెడుతుంది. ఫాల్గుణంలో మొదలయ్యే ఈ వేట వైశాఖంతో సరి. బసవలింగం వెళ్లింది ఆ వైశాఖం చివరి రోజుల్లోనే. అప్పటికి రోషగాళ్లంతా బుట్టలోకి చేరిపోగా, మిగిలినవి ఆరితేరినవే.

"ఒకటే ఉండాది సామీ ఈ వంకలో. ముసిలిది. మూడేండ్లుగా నన్ను సతాయిస్తాంది. పలుకుతాది గాని రాదు," అన్నాడు ఓబులేసు, రేగుపొద వెనక చతికిలబడుతూ.

దీమం కూసింది. వాగు వంక అవతలి గట్టు నుంచి ముసలి పుంజు తాపీగా బదులిచ్చింది. దీమం రెచ్చిపోయి కూసింది. అది మళ్లీ బదులిచ్చింది, ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా. ఓబులేసు సంచిలోంచి గుడ్డతో కుట్టి ఈకలు అతికించిన బొమ్మపెట్టను తీసి పంజరం ముందు నిలబెట్టాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అచ్చం పెట్టలాగే గారాలు పోయాడు. బసవలింగానికి నవ్వాగలేదు. పుంజు మాత్రం మర్యాదగా పలికి ఊరుకుంది.

ఎండ మొహాన కొడుతున్నా బసవలింగం అక్కడి నుంచి కదల్లేదు. కయ్యానికి పిలిచినా రాదు, పెట్ట పిలిచినా రాదు. ఏం పిట్ట ఇది! దాని మీద అతనికి ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. అది తన మనిషే అనిపించింది. ఓబులేసు ఓడిపోవాలని లోలోపల గట్టిగా కోరుకున్నాడు.

అప్పుడు ఓబులేసు బొమ్మపెట్టను సంచిలో వేసుకొని, తలగుడ్డ విప్పి పంజరం మీద కప్పేశాడు. చీకటి పడిందనుకొని దీమం నోరు మూసుకుంది.

"అయిపోయిందా? పోదామా?" అన్నాడు బసవలింగం సంతోషంగా.

"ఉండు సామీ. ఇంగ పిలిచేదేం ల్యా. గమ్మునుండల్ల."

వంక అంతా సద్దుమణిగింది. కొంతసేపటికి ముసలి పుంజు తనంతట తానే ఒకసారి కూసింది. ఎవరూ పలకలేదు. మళ్లీ కూసింది, ఈసారి కొంచెం దగ్గర నుంచి. ఆ తర్వాత ఎండుగడ్డి చీల్చుకొని తల బయటపెట్టింది. రెండడుగులు వేసి ఆగింది. మెడ సాచి ఇటు చూసింది, అటు చూసింది. దాంట్లో రోషం లేదు, మోహం లేదు. ఇన్నాళ్లూ పిలిచినవాడు ఏమైపోయాడో చూసిపోదామన్నట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. రావద్దు, రావద్దు అని బసవలింగం గొంతులోనే గొణుక్కున్నాడు. అది తలగుడ్డ అంచు దాకా వచ్చింది. ఉచ్చు బిగిసింది.

బసవలింగం పొద వెనక నుంచి లేచి వచ్చాడు. "మూడేళ్లు రానిది ఇవాళ ఎందుకొచ్చింది ఓబులేసూ?" అన్నాడు.

"పిలుస్తాంటే రాకుండా ఉండేది బాగా తెలుసు సామీ దానికి. పిలవకుంటే ఏం జెయ్యల్లో తెలీదు," అంటూ ఓబులేసు దాని కాలు నొప్పి కలగకుండా విడిపించి బుట్టలో పెట్టాడు. "మచ్చికైతే వచ్చే ఏడు ఇదే దీమం."

మఠానికి తిరిగొచ్చాక ఏం చూశావని సిద్ధప్పయ్యగారు అడగలేదు. పీఠం ఊసు ఎత్తలేదు. వంటవాడితో ఉప్పు గురించి మాట్లాడారు, పాలేరుతో ఎద్దు గిట్టల గురించి మాట్లాడారు. బసవలింగం వైపు మాత్రం చూపు తిప్పలేదు. మొదటిరోజు అతను దీన్ని అసలు పట్టించుకోలేదు. రెండోరోజు, పట్టించుకోవడం లేదని తనకు తాను నాలుగైదుసార్లు చెప్పుకున్నాడు. మూడోరోజు ఎప్పుడూ కూర్చునే వెనక వరుస వదిలి మధ్యలో కూర్చున్నాడు. తనవల్ల ఏం తప్పు జరిగిందో, అయ్య మనసులో ఏముందో తెలియక ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాలుగోరోజు పొద్దున సిద్ధప్పయ్యగారు గదిలో ఒంటరిగా కూర్చొని వత్తులు చేసుకుంటున్నారు. బసవలింగం గడప దగ్గర నిలబడి దగ్గాడు. ఆయన తల ఎత్తలేదు. గడప దాటి లోపలికొచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా, నన్ను తిట్టినా బాగుండేది. నా గురించి మీరు ఒక్క మాటైనా అనరేం?"

సిద్ధప్పయ్యగారి చేతిలోని వత్తి ఆగింది. ఆయన మొహంలో వెక్కిరింత లేదు, జాలి ఉంది.

"వచ్చినావా నాయనా? ఇంగా నాలుగు దినాలు తాళుకుంటావేమో అనుకున్నా," అన్నారు. "కూర్చో."