గురువు తువ్వాలు

1964 వానాకాలం. కుస్తీ గోదాలో మట్టి ఆరని రోజులు. పెద్ద శిష్యుడు గౌరినాయుడు తన గురువు సూరయ్యను ఒక మాట అడిగాడు.

"తవిటయ్యను పంపించేశాం కదా, గురువుగారూ. మరి మా మెడల మీది తామర ఎందుకు పోలేదు?"

సూరయ్యకు ఒక అలవాటు ఉండేది. పట్టు గెలిచిన శిష్యుణ్ణి దగ్గరికి పిలిచి, తన భుజం మీది తువ్వాలుతో వాడి మెడా వీపూ తుడిచేవాడు. ఆ తుడుపు కోసం తాలింఖానాలో కుస్తీ నేర్చుకునే కుర్రాళ్ళు ఒళ్ళు హూనం చేసుకునేవారు.

తవిటయ్య పొరుగూరివాడు. గేదెలు కాసుకునేవాడు, కొత్తగా వచ్చి చేరాడు. ఇంకా ఒక్క పట్టూ గెలవలేదు. ఆ వానల్లోనే ఒకరి తరవాత ఒకరికి మెడల మీద ఎర్రగా, గుండ్రంగా తామర లేచింది. కళ్ళన్నీ తవిటయ్య మీదికే వెళ్ళాయి. వాడు గోచీ ఆరేసిన తాడు మీద ఇంకెవరూ ఆరెయ్యలేదు. వాడు దోమను కొట్టుకున్నా గోక్కుంటున్నాడనే అనుకున్నారు. సూరయ్య ఊళ్ళో లేని రోజు చూసి గౌరినాయుడు వాణ్ణి నిలదీసి చొక్కా విప్పమన్నాడు. తవిటయ్య విప్పి, నాలుగు వైపులా తిరిగి చూపించాడు. ఒంటి మీద మచ్చ లేదు.

"కనబడే చోట ఉంచుకుంటాడేటి? గోచీలో దాచుంటాడు" అన్నాడొకడు. నవ్వారు.

"దసరా కుస్తీల దాకా ఉండనియ్యన్నా. ఆ తరవాత పొమ్మంటే పోతాను" అన్నాడు తవిటయ్య.

ఉండనివ్వలేదు.

ఇప్పుడు గౌరినాయుడి ప్రశ్న విని సూరయ్య భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. అది ఉండే చోట అరచేతి వెడల్పున తామర ఉంది. అంచులు ఎర్రగా, నడుమ పొట్టు రాలుతూ.

గౌరినాయుడు తన మెడ తడుముకున్నాడు. "ఎప్పటి నుంచి, గురువుగారూ?"

"ఎండల నుంచి దురద. చెమటకాయలనుకున్నాను. నిన్న మా ఇంటిది చూసి చెప్పింది."

"మాకు తెలీనే లేదు."

"వాడి చొక్కా విప్పించారు. నా తువ్వాలు తియ్యమని మీలో ఒక్కడూ అనలేదురా."

మర్నాడు గురువు తనే పొరుగూరికి నడిచి వెళ్ళి తవిటయ్యను రమ్మన్నాడు. "గేదెలే నయం, గురువుగారూ. చొక్కా విప్పమనవు" అన్నాడు వాడు.

ఆ దసరాకు తామర ఉన్నవాళ్ళను గోదాలోకి రానివ్వలేదు. సూరయ్య తాలింఖానా నుంచి ఒక్కడూ కుస్తీకి దిగలేదు.