అసిరమ్మ సోడా కొలత

జాతర రేపనగా, సోడాలమ్మే అసిరమ్మని దివాను జోగారావు రాజావారి కొలువుకి ఈడ్పించాడు. జాతరలో ఆమె కొట్టు, సోడాలే అమ్మే తన బామ్మర్దికి కట్టబెట్టాలని ఆయన ఎత్తు.

"దీని సోడాలో గ్యాసే లేదు ప్రభూ, ఉత్త నీళ్లు! ఉంటే కొలిచి చూపించమనండి!"

అసిరమ్మకి ఒళ్లు మండింది. సీసా మూతికి రబ్బరు బుడగ తొడిగి, పైనుంచే బొటనవేలితో గోలీ నొక్కి, సీసాని గడగడా కుదిపింది. బుడగ కొబ్బరికాయంత ఉబ్బింది! అదే బుడగ బామ్మర్ది తెచ్చిన సోడాకి తొడిగితే నిమ్మకాయంతైనా కాలేదు.

"బుడగ దానిది. దాని మాటే వింటుంది!" అన్నాడు దివాను.

"అయితే తమరే ఒకటి తాగి చెప్పండి బాబూ," అని అసిరమ్మ ఇంకో సోడా కొట్టిచ్చింది.

దివాను గటగటా తాగేసి, "ప్రభూ! ఇందులో గ్యాసు..." అంటూ నోరు తెరిచాడు.

"బ్రే...వ్!"

కొలువంతా గొల్లుమంది. రాజావారు నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ, "కొట్టు అసిరమ్మదే!" అన్నారు.

అసిరమ్మ దివానుకి దణ్ణం పెట్టింది. "బుడగంటే నాది. పొట్ట తమరిదే కదా బాబూ!"