గోడకు తలుపు ఎటు?

పూర్వం ఒక సంస్థానంలో జోజిరెడ్డి అనే దొర ఉండేవాడు. చర్చిలో ఎవరి గొంతయినా ఆయన గొంతు తరవాతే లేవాలి. కూలోళ్ళను పాతిన గోతుల పక్కనే తన పెద్దల సమాధులు ఉండడం ఆయనకు కంటగింపైంది. రాళ్ళు తోలించి, చర్చి స్వాములవారిని వెంటబెట్టుకుని సమాధుల దొడ్డికి పోయాడు. గోతులు తవ్వే జక్కరయ్యకు నడిమధ్యన గీత గీసి చూపించాడు.

"ఇక్కడ గోడ లేపరా."

ఆ గీత జక్కరయ్య పెళ్ళాం గోతి మీదుగా పోతోంది. అతను, "చిత్తం దొరా. తలుపు ఎటు పెట్టమంటారు?" అన్నాడు.

"తలుపెందుకురా? చచ్చినోళ్ళు లేచి నడుస్తారా?"

"నడవకపోతే గోడెందుకు దొరా?"

పక్కన స్వాములవారు దగ్గారు. చచ్చినోళ్ళు లేస్తారని ఆదివారం ఆదివారం ప్రార్థనలో అందరికన్నా గట్టిగా చెప్పేది తనేనని దొరకు అప్పుడు గుర్తొచ్చింది.

"లేస్తారులేరా," అని సర్దుకున్నాడు.

"ప్రభువు తూర్పునుంచి వస్తాడంటారు. తూర్పేమో మావైపు. ఎదురెళ్ళడానికి తమ తాతగారు గోడ దూకగలరా దొరా?"

దొర తూర్పు చూశాడు, పడమర చూశాడు. లేవరంటే స్వాములవారు ఊరుకోరు. లేస్తారంటే తాత గోడ దూకాలి. తలుపు పెడితే కూలోళ్ళు ఇటే వస్తారు. ఆయనకు తల తిరిగిపోయింది. చివరకు ఆ రాళ్ళను అక్కడే జనం కూర్చోడానికి వేయించాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడం మాత్రం ఆ తికమకలో మరిచేపోయాడు.