నక్క తెచ్చిన బలం పొడి

బండలాగుడు పోటీలు జరిగే మైదానం వెనక ఒక గొయ్యి ఉంది. ఎండకు కూలిన ఎడ్లన్నీ చివరికి చేరేది అందులోకే. మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయినప్పుడు ఆ గోతిలోంచి నెమరు వేస్తున్న చప్పుడు వస్తుందని పశువులు చెప్పుకుంటాయి. నేను నమ్మను. అయినా అటు వెళ్లను.

ఆ గోతి గట్టునే నక్క కాపురం. అది వేటకు వెళ్లగా చూసినవాళ్లు లేరు. ఒళ్లు మాత్రం గుమ్మడికాయలా నిగనిగలాడుతుంది.

పోటీ రోజు పొద్దున్నే అది కోడెగిత్త బొల్లోడి దగ్గరికి ఒక పొట్లం తెచ్చింది.

"అల్లుడూ, బలం పొడి! ఇది నాకితే బండ దూదిపింజే."

"కుడితి తాగాను కదా మామా. ఇందులో ఏముంది?"

"కుడితి ముసలోళ్లకి, నీలాంటి మొనగాడికి కాదు! తినబోతూ రుచులెందుకు?"

బొల్లోడు గబగబా నాకేశాడు. కాసేపటికి వాడి పొట్టలో ఎప్పుడూ వినిపించే గుడగుడ ఆగిపోయింది. పక్కనున్న ముసలి ఎద్దు మైలయ్య చెవి ఆనించి విన్నాడు. పాడుబడ్డ బావిలా నిశ్శబ్దం.

"ఒరేయ్, ఎండలో బండ లాగితే నెత్తురంతా కండల్లోకి పోతుంది, పొట్ట వట్టిపోతుంది. అప్పుడు ఈ పొడి పేగుల్ని కొరుక్కుతింటుంది. నిరుడు నక్క పొడి నాకిన మీ అన్నకీ ఇలాగే ఆగింది, ఆ గోతిలోకే పోయాడు."

బొల్లోడు గబుక్కున తలెత్తాడు. "చచ్చానా తాతా?"

"మింగింది మనది కాదురా, నెమరేశాకే మనది. పైకి తెచ్చుకో. దవడన పెట్టుకుని చచ్చినట్టు గోతి దగ్గర పడుకో."

మధ్యాహ్నం కాపరి అన్నానికి వెళ్లగానే బొల్లోడు గట్టున నోరు తెరుచుకుని పడుకున్నాడు. గోతిలోంచి చప్పుడు మొదలైంది. కరక్... కరక్...  బొల్లోడు కదల్లేదు.

నక్క వచ్చింది. "ఈసారి పోటీకి ముందే పడ్డావే అల్లుడూ," అంటూ మెత్తటి నాలుక కొరకాలని వాడి నోట్లో మూతి పెట్టింది. బొల్లోడు పొడి ముద్దను దాని గొంతులోకి తోసేశాడు. దగ్గర్లోనే పొంచి ఉన్న మైలయ్య కొమ్ములు దించి వెంటపడ్డాడు.

"పరుగెత్తు నక్కబావా, బలం వచ్చిందిగా!"

మండుటెండలో మైదానం చుట్టూ మూడు చుట్లు. మూడో చుట్టులో నక్క కడుపు మెలిపెట్టి, తూలి, గోతిలో పడింది. నెమరు చప్పుడు ఆగింది. లోపల్నుంచి చాలా గొంతులు ఒక్కసారిగా అన్నాయి: "రా మామా."

మళ్లీ నమలడం మొదలైంది.

బొల్లోడు కుండెడు కుడితి తాగి పోటీకి వెళ్లాడు. గెలిచాడా అని అడక్కండి. తిరిగొచ్చాడు.

మండుటెండలో పొట్ట అడిగేది కుడితినే. పొగిడి పొడి తినిపించేవాడు అడిగేది పొట్టనే.