వాగు ఒడ్డు బొరియ

ఆ ఏడాది కొండల మీద నుంచి ఎండాకాలం కదలనంది. శ్రావణం నాలుగు చినుకులతో సరిపెట్టింది. భాద్రపదంలో అవీ లేవు. ఆశ్వయుజం వచ్చినా బండలు పెనాల్లా కాలుతూనే ఉన్నాయి. వారం నుంచి గాలి ఒక దిక్కున నిలవడం లేదు. కోతులు ఏ కొమ్మ మీదా కుదురుగా కూర్చోవడం లేదు. దుప్పులు మేత నోట పెట్టుకుని, నమలడం ఆపి చెవులు రిక్కిస్తున్నాయి. ఎందుకో వాటికే తెలీదు.

అంత వేడిలోనూ చల్లగా ఉన్న చోటు ఒక్కటే. ఎండిన వాగు ఒడ్డున ముళ్లపంది తవ్వుకున్న బొరియ. లోపల ఇసుక ఇంకా తడిగానే ఉంది. ముళ్లపంది తన ఇద్దరు పిల్లలతో అందులో ఉంటోంది.

ఆ బొరియ మీద నక్క కన్ను పడింది. ఒక మధ్యాహ్నం రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"వదినా! ఇంకా ఇక్కడే ఉన్నావా? నీ గుమ్మం ముందే చిరుత అడుగులు చూశాను. పిల్లల తల్లివి, పైన గుహలోకి వెళ్లిపో!"

ముళ్లపంది పిల్లల్ని లోపలికి నెట్టి, బయటికొచ్చి ఇసుకలో అడుగుల్ని పరీక్షగా చూసింది.

"మరిదీ, చిరుత గోళ్లు ముడుచుకుని కదా నడుస్తుంది? వీటికి గోళ్ల గుర్తులున్నాయేం?"

"కోపంగా ఉందేమో వదినా."

"కోపమొస్తే పాదం నీ పాదమంత చిన్నదైపోతుందా?"

నక్క గబుక్కున పాదాన్ని తోక కింద దాచుకుంది.

ముళ్లపంది దాన్ని దులిపేసేదే. కానీ ఆ అడుగుల మీదుగానే చీమలబారు పోతోంది. ప్రతి చీమ నోట్లో ఒక గుడ్డు. బారంతా కొండపైకే. తలెత్తి చూస్తే తూర్పు ఆకాశం రాగి రంగు తిరిగింది. గాలి అటునుంచే, తడి వాసనతో వీస్తోంది.

"పిల్లలూ, బయటికి రండి. పైకి పోదాం."

"అదేంటి, చిరుత లేదన్నావుగా?" అంది నక్క.

"చిరుత లేదు. తుఫాను వస్తోంది. సాయంత్రానికి వాగు పొంగుతుంది. నువ్వూ వచ్చెయ్, గుహలో చోటుంది."

నక్క లోలోపల నవ్వుకుంది. 'నా అబద్ధం పట్టేసి నా మీదే ఇంకోటి వేస్తోంది. నేనటు వెళ్లగానే ఇది వెనక్కొచ్చి పడుకుంటుంది!'

"నువ్వు పద వదినా. నీ ఇల్లు నేను చూసుకుంటాలే."

"నా పిల్లల మీద ఒట్టు మరిదీ, వాగొస్తుంది."

"అలాంటి ఒట్లు నేనెన్ని వేశానో!"

ముళ్లపంది మరి ఆగలేదు. బండలకు అరికాళ్లు కాలి చిన్నపిల్ల ఏడ్చింది. "అమ్మా, వెనక్కి పోదాం." ఆకాశంలో ఒక్క ఉరుమూ లేదు. పొరబడ్డానేమోనని తల్లి కాలు తడబడింది. అయినా పిల్లను ముట్టెతో ముందుకు తోసింది.

గుహ చేరీ చేరకముందే పగలు చీకటైంది. ఒక్కసారిగా గాలి, వాన!

తడి ఇసుకలో ఒళ్లు మరచి నిద్రపోతున్న నక్క హోరు విని లేచేసరికి ఎర్రనీళ్లు బొరియలోకి దూకాయి. ఎలాగో బయటపడింది గానీ వాగు దాన్ని ఊడ్చుకుపోయి ఒక మద్దిచెట్టుకు కొట్టింది. కొమ్మను కరుచుకుని వేలాడింది.

మర్నాడు కుంటుకుంటూ కొండెక్కింది. బొరియ మాట అటుంచి, ఆ ఒడ్డే లేదు.

"వదినా, నీ ఇల్లు కాజెయ్యబోయాను. అలాంటి నాకు నిజమెందుకు చెప్పావు?"

"ఒకపక్క వాగొస్తుంటే, నీకోసం అబద్ధం అల్లేంత తీరిక నాకెక్కడిది?" అంటూ ముళ్లపంది పిల్లలతో దుంపలు వెతకడానికి వెళ్లిపోయింది.

నీతి: అబద్ధాలతో బతికేవాడికి, తన మేలు కోరి చెప్పిన నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.