నీడమలుపు దగ్గర డబ్బా

మన్యంలోని నీలిగెడ్డ అనే కొండ ఊళ్ళో చిలకమ్మ అనే మంచి మనిషి ఉండేది కానీ, ఆమెకు ఒంటినిండా తొందరే. తలుపుకు తాళం వేసేది, పడిందో లేదో లాగి చూసేది కాదు. జడ సగందాకా అల్లి, కింద సగం అలాగే వదిలేసేది. ఎవరైనా అడిగితే, "మిగతాది దానంతట అదే అవుద్దిలే" అనేది. ఆ మాట ఆమెకు ఊతపదం. నిజానికి మిగతాది దానంతట అదే అయ్యేది కాదు. వెనకాల ఆమె భర్త బొంజన్న వచ్చి చేసేవాడు.

బొంజన్న దర్జీ. అతను దారం ఎక్కించే ముందు సూదిని ఒకసారి, దారాన్ని ఒకసారి పరీక్షగా చూసేవాడు. గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచేవాడు. ఈ ఇద్దరినీ ముడిపెట్టిన దేవుడికి ఆ రోజు కాస్త సరదా ఎక్కువై ఉండాలి. అయినా వాళ్ళ కాపురం చక్కగానే సాగేది. ఆమె వేగం చూసి అతను నవ్వుకునేవాడు. అతని నిదానం చూసి ఆమె దెప్పేది. సాయంత్రానికి ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాళ్ళు.

కొండ కింద బయలుపేటలో ఆడపిల్లల హాస్టల్ ఉండేది. చిలకమ్మ అక్కడ వంట చేసేది. బొంజన్న పనిచేసే దర్జీ దుకాణం కూడా ఆ ఊళ్ళోనే. ఇద్దరూ రోజూ సైకిళ్ళ మీదే వెళ్ళేవాళ్ళు. పిల్లలు లేచేసరికి పొయ్యి వెలగాలి కాబట్టి చిలకమ్మ తెల్లవారకముందే బయలుదేరేది. బొంజన్న కోళ్ళను వదిలి, ఇల్లు సర్ది, కాస్త వెలుగు వచ్చాక మిగతావాళ్ళతో కలిసి దిగేవాడు.

చలికాలంలో ఆ దారి మామూలు దారి కాదు. రాత్రి వాకిట్లో పెట్టిన బిందెలో నీళ్ళు పొద్దుటికి పైన పలకలా గట్టిపడేవి. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉండేది. బ్రేకు పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కి, పట్టుకున్నామో లేదో కూడా తెలిసేది కాదు. అన్నిటికంటే భయం నీడమలుపు దగ్గర. అక్కడ ఓ పక్క కొండ, ఓ పక్క కాఫీ తోట చెట్లు. అక్కడ ఎండ పడాలంటే పొద్దు బాగా పైకి రావాలి. అందాకా తారు మీద కురిసిన మంచు గాజులా పేరుకుపోయి ఉండేది. సైకిల్ చక్రం దానిమీద పడిందంటే ఇక మనిషి మాట వినేది కాదు.

అందుకని నీలిగెడ్డవాళ్ళు ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. పొద్దున్నే అందరికంటే ముందు దిగేవాళ్ళు తమ పొయ్యిలోని బూడిద ఓ సంచీలో తెచ్చుకోవాలి. మలుపు మొదట్లో ఓ కర్ర పాతి ఉండేది. దానికి తెల్లరంగు వేసిన పాత నూనె డబ్బా తగిలించి ఉండేది. ఆ కర్ర దగ్గర మొదలుపెట్టి మలుపు చివర తూము దాకా రోడ్డు మీద బూడిద చల్లాలి. మళ్ళీ వెనక్కి నడిచి వచ్చి డబ్బాను బోర్లించాలి. మంచుపొగలో రోడ్డు కనిపించకపోయినా తెల్ల డబ్బా కనిపించేది. డబ్బా బోర్లించి ఉంటే వెనక వచ్చేవాళ్ళు సైకిల్ దిగకుండా సాగిపోయేవాళ్ళు. నిటారుగా ఉంటే దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిపించుకుపోయేవాళ్ళు. సాయంత్రం చివరగా ఊరు చేరేవాళ్ళు డబ్బాను మళ్ళీ నిటారుగా తగిలించేవాళ్ళు.

ముందు దిగేది ఎక్కువగా చిలకమ్మే కాబట్టి బూడిద పని ఆమెదే అయింది. ఆమె దానికి విసుక్కోలేదు. కాకపోతే తూము దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచి రావడం ఆమె ప్రాణానికి గిట్టలేదు. ఓ రోజు ఆమెకు భలే ఆలోచన తోచింది. 'ఎలాగూ చల్లుతాను కదా, డబ్బా ముందే బోర్లించేస్తే పోలా' అనుకుంది. అప్పటినుంచి ఆమె రాగానే డబ్బా బోర్లించేది. తర్వాత బూడిద చల్లుకుంటూ వెళ్ళి, తూము దగ్గర సైకిలెక్కి అటునుంచి అటే వెళ్ళిపోయేది. కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. తొందరలో ఉన్న సుఖం అదే, కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ రాదు.

ఆ ఏడు పుష్యమాసంలో చలి మరీ ముదిరింది. బొంజన్న భార్యకోసం లోపల దూది పెట్టి దళసరి కోటు కుట్టడం మొదలుపెట్టాడు. ఓ సాయంత్రం ఆమె దాన్ని లాక్కుని తొడుక్కోబోయింది. దానికి అప్పటికి ఒక చెయ్యే ఉంది.

"ఇంకో సెయ్యి కుట్టనేదే. రేపటి దాకా ఆగు," అన్నాడు బొంజన్న.

"ఒకటుంది కదా మావా. రెండోది దానంతట అదే అవుద్దిలే," అంది చిలకమ్మ.

అతను నవ్వి, కోటు తీసి కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు హాస్టల్ పిల్లలకు పరీక్ష. ఉప్మా పెందలాడే అయిపోవాలి. చిలకమ్మ చీకట్లోనే పొయ్యిలో చేతికందిన బూడిద సంచీలో పోసుకుంది. సంచీ నిండిందో లేదో చూసుకోలేదు. నీడమలుపు చేరగానే ఎప్పటిలాగే డబ్బా బోర్లించి, బూడిద చల్లడం మొదలుపెట్టింది. సరిగ్గా మలుపు మధ్యకు వచ్చేసరికి సంచీ తేలికైపోయింది. దులిపి చూసింది. రెండు బొగ్గుముక్కలు రాలాయి.

ముందున్న సగం దారి తెల్లగా మెరుస్తూ ఉంది. చిలకమ్మ ఆగింది. వెనక్కి వెళ్ళి డబ్బా నిటారుగా పెట్టాలని ఆమెకు తెలుసు. అది ఎంతో దూరం కూడా కాదు. కానీ చేతులు కొంకర్లు పోతున్నాయి. ఖాళీ కడుపుతో పరీక్షకు వెళ్ళే పిల్లలు కళ్ళముందు మెదిలారు. 'కాస్త పొద్దెక్కితే మంచు దానంతట అదే కరిగిపోద్దిలే' అనుకుంది. మిగిలిన దారి సైకిల్ నడిపించుకుంటూ తూము దాటి, ఎక్కి వెళ్ళిపోయింది.

ఉప్మా వేళకే అయింది. పిల్లలు తిని పరీక్షకు వెళ్ళారు. చిలకమ్మ మూకుడు గీకుతూ ఉండగా ఆమె అన్న సింగరాజు వంటశాల గుమ్మంలోకి వచ్చాడు. అతనూ ఆ దారినే కాఫీ గోదాములో పనికి వచ్చేవాడు.

"సెల్లీ, కంగారుపడకు. బావ మలుపుకాడ పడిపోనాడు. పేనానికేటీ బయం నేదు. సెయ్యి ఇరిగింది. ఆస్పత్రిలో పెట్టొచ్చినాను," అన్నాడు.

చిలకమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. "ఏ సెయ్యి?" అని అడిగింది.

సింగరాజు నేల చూపులు చూశాడు. "కుడి సెయ్యి," అన్నాడు.

ఆస్పత్రిలో బొంజన్న బల్లమీద కూర్చుని ఉన్నాడు. మణికట్టుకు సిమెంటు కట్టు కట్టారు. భార్యను చూడగానే, "పిల్లలు తిని ఎల్లినారా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఎముక అతుక్కుంటుంది కానీ, వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో కట్టు విప్పాకే చెప్పగలనన్నాడు డాక్టరు. దర్జీకి కుడిచేతి వేళ్ళు వంగకపోతే కత్తెర పట్టేదెలా, బతుకు సాగేదెలా?

ఆ సాయంత్రం చిలకమ్మ అతని చొక్కా ఉతకబోయి చేతిలోకి తీసుకుంది. మోచెయ్యి దగ్గర చిరిగింది, మట్టి అంటింది. కానీ ఎంత వెతికినా బూడిద మరక ఒక్కటి లేదు. అతను పడింది ఆమె వదిలేసిన సగంలోనే. ఆమె ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డున చాలాసేపు ఏడ్చింది. ఇంటికి వచ్చి అంతా చెప్పేద్దామనుకుంది. తీరా అతని ముఖం చూశాక నోరు రాలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రోజూ వాయిదా పడుతూనే వచ్చింది.

ఊళ్ళోవాళ్ళకు మాత్రం నవ్వుకోవడానికి ఓ విషయం దొరికింది. అందరికంటే ముందు వెళ్తున్న బొంజన్న పడిన వేళకు మంచుపొగలో ఎవరికీ రోడ్డు కనిపించలేదు, అతన్ని లేవదీసే హడావిడిలో కాళ్ళకింద ఏముందో ఎవరూ చూసుకోలేదు. తర్వాత ఎండకు మంచంతా కరిగిపోయింది. అందరూ చూసింది బోర్లించిన డబ్బానే. అంటే బూడిద చల్లి ఉంది, అయినా బొంజన్న పడ్డాడు. బావమరుదుల మధ్య వేళాకోళానికి అంతకంటే ఏం కావాలి? సింగరాజు ఓ రోజు మలుపు దగ్గర అందరూ నెగడు వేసుకుని చేతులు కాచుకుంటుంటే మొదలుపెట్టాడు.

"మా బావ మంచులో పడ్డాడంటే పోనీ అనుకుంతాం. బూడిదలో జారిపడ్డ మొనగాడు ఈయనొక్కడే. వొచ్చే ఏడు సైకిలుకి నాలుగు సక్రాలు ఎట్టించాల," అన్నాడు.

అందరూ నవ్వారు. కట్టు కట్టిన చేత్తో దుకాణానికి నడిచి వెళ్తూ అక్కడ ఆగిన బొంజన్న కూడా నవ్వాడు. "అవును బావా, నాకు సైకిలు సరిగ్గా రాదు," అన్నాడు. ఆ రోజు హాస్టల్‌కు సెలవు. భర్తకు తోడుగా నడుస్తున్న చిలకమ్మ అతని ముఖం చూసింది. అతను నవ్వుతూనే కట్టులోంచి బయటకు కనిపిస్తున్న వేళ్ళు కదపడానికి ప్రయత్నిస్తున్నాడు. అవి కదలడం లేదు.

చిలకమ్మకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"నవ్వకు అన్నా. ఆయన బూడిదలో పడనేదు," అంది. "నాను సగమే సల్లినాను. సంచీలో బూడిద అయిపోనాది. డబ్బా ముందే బోర్లించీసినాను. ఎనక్కొచ్చి తిప్పాల్సింది, తిప్పనేదు. తప్పు నాది."

సింగరాజు ముఖం కందిపోయింది. చిలకమ్మ భర్త వైపు చూడలేక డబ్బా వైపు చూస్తూ నిలబడింది.

"నాకు తెలుసే," అన్నాడు బొంజన్న నెమ్మదిగా. "పడ్డప్పుడే తెలిసింది. సేతికింద అంతా మంచే."

"మరి ఇన్నాళ్ళూ సెప్పనేదేటి మావా? ఇందరు నవ్వుతుంటే ఊరుకున్నావేటి?"

"నువ్వే సెప్తావనుకున్నాను," అన్నాడు అతను.

మళ్ళీ తనే అన్నాడు. "నా సంగతి నీకు తెలుసు కదా. వేరే ఎవరు ముందెల్లినా, డబ్బా ఎలాగున్నా నాను దిగే నడుస్తాను. నువ్వు ముందెల్లిన రోజు మాత్రం దిగను. మా సిలకమ్మ ఎల్లింది కదా, ఇంకేటి బయం అనుకుంతాను."

ఆస్పత్రిలో డాక్టరు మాటకు కూడా ఆమె అంతగా కుమిలిపోలేదు. అందరూ చూస్తున్నారన్న సిగ్గు కూడా మరిచిపోయి, అతని కట్టు మీద నుదురు ఆనించి ఏడ్చింది. బొంజన్న ఎడమచేత్తో ఆమె తల నిమిరాడు. సగం అల్లి వదిలేసిన జడ చేతికి తగిలింది. సింగరాజు దగ్గరకు వచ్చి, "తప్పయిపోనాది బావా," అని అతని భుజం పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి చిలకమ్మ ముందురోజు సాయంత్రమే సంచీ నింపుకుని, ఎత్తి బరువు చూసుకునేది. కర్ర దగ్గర నుంచి తూము దాకా, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చల్లేది. అంతా అయ్యాక వెనక్కి నడిచి వచ్చి, ఓసారి దారి వంక చూసి, అప్పుడు డబ్బా బోర్లించేది. దానికోసం ఇంట్లో కాస్త ముందు లేచేది. ఉప్మా ఏనాడూ ఆలస్యం కాలేదు.

కట్టు విప్పే వేళకు చలి తగ్గుముఖం పట్టింది. బొంజన్న వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. చిలకమ్మ పూటపూటా వేణ్ణీళ్ళలో అతని చెయ్యి పెట్టించి, ఒక్కో వేలూ మెల్లగా వంచేది. ఈ పనిలో మాత్రం ఆమెకు తొందర ఎక్కడికి పోయిందో తెలియదు. మొదట చిటికెన వేలు కదిలింది. తర్వాత మిగతావి. ఓ మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి అతను సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. దారాన్ని ఒకసారి, సూదిని ఒకసారి చూశాడు. కొక్కేనికి వేలాడుతున్న కోటు తీసి, రెండో చెయ్యి కుట్టడం మొదలుపెట్టాడు. కుట్లు కాస్త వంకరగా పడ్డాయి.

చలి తగ్గింది కదా అని అందరూ అంటున్నా వినకుండా చిలకమ్మ మర్నాడు ఆ కోటు తొడుక్కునే బయలుదేరింది. నీడమలుపులో బూడిద చల్లి, డబ్బా బోర్లించి, మలుపు దాటేటప్పుడు వెనక నుంచి బెల్లు వినిపించింది. ఆ రోజు తనూ పెందలాడే బయలుదేరిన బొంజన్న సైకిల్ దిగకుండా, బోర్లించిన డబ్బా పక్కనుంచి వస్తున్నాడు.

పిల్లలూ, పని చెయ్యలేకపోతే చెయ్యలేదని చెప్పవచ్చు, అందులో తప్పులేదు. సగం చేసి అయిపోయిందని గుర్తు పెట్టడమే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ గుర్తును నమ్ముకుని వెనకాల వచ్చేది మనల్ని అందరికంటే ఎక్కువగా ప్రేమించేవాళ్ళే.